టెక్ సందేహాలు: 1860 రికార్డుల్లో ఆ పేరు ఎందుకు దొరకడం లేదు?

ప్రశ్న: మేం వర్జీనియాలో ఉంటాం. మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం అంతర్యుద్ధం నాటి అగస్టా కౌంటీ గురించి రాస్తోంది. బానిసగా ఉన్న ఒకామె పేరు పాత ఉత్తరంలో కనిపిస్తే 1860 జనాభా లెక్కల్లో వెతికాం. స్పెల్లింగ్ ఎన్ని రకాలుగా మార్చినా ఫలితాలు లేవనే వస్తోంది. ఆనాటి పత్రికల్లోనూ సగం పదాలు దొరకట్లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాం?

జవాబు: మీ తప్పేం లేదండీ. 1860లో బానిసలను వేరే పట్టీలో, స్లేవ్ షెడ్యూల్‌లో రాశారు. అందులో యజమాని పేరు ఉంటుంది, దాని కింద వరసగా వయసు, ఆడో మగో, రంగు లాంటివి ఉంటాయి, బానిసల పేర్లు మాత్రం సాధారణంగా ఉండవు. ఒక్క అగస్టాలోనే 5 వేలకు పైగా మనుషులు అలా ఉత్త అంకెలుగా మిగిలిపోయారు, ఆ పేజీలు చూస్తుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. రాయని పేరును ఏ సెర్చ్ బాక్సూ పట్టుకోలేదు కాబట్టి ఫ్యామిలీసెర్చ్ అనే పాత కుటుంబ రికార్డుల సైట్‌లో ఉచిత ఖాతా తెరిచి యజమాని పేరుతో వెతకండి, అక్కడున్న వయసులు రాసుకోండి.

తర్వాత 1866 ఫిబ్రవరి 27 తేదీతో ఉన్న దంపతుల రిజిస్టర్ చూడండి. విముక్తి పొందిన భార్యాభర్తల పేర్లు, వయసులు, పిల్లల పేర్లు, అన్నిటికంటే ముఖ్యంగా చివరి యజమాని ఎవరో అందులో రాశారు. యజమానిని, మనిషిని కలిపే గడి అదే! అక్కడి నుంచి 1870 జనాభా లెక్కలకు వెళ్తే అందరి పేర్లూ ఉంటాయి, వయసు మాత్రం రెండు మూడేళ్లు అటూ ఇటూగా చూడండి. ఇంటిపేరు యజమానిదే అయి ఉంటుందని మాత్రం అనుకోకండి.

పత్రికల సంగతి వేరు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఆనాటి స్టాంటన్ స్పెక్టేటర్ పత్రిక పేజీలను చదివింది ఓసీఆర్ సాఫ్ట్‌వేర్, అంటే బొమ్మలోని అచ్చును అక్షరాలుగా మార్చే ప్రోగ్రామ్. అది చెరిగిన అచ్చులో 'సి'ని 'ఇ' అనుకుంటుంది, లైను చివర విరిగిన పదాన్ని రెండు ముక్కలు చేస్తుంది. అందుకే చిన్న పదం ఇచ్చి, తేదీలు నెలకు కుదించి, పేజీ తెరిచి కళ్లతో చదవండి. యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియాలో మొదలైన 'వ్యాలీ ఆఫ్ ద షాడో' అనే సైట్‌లో ఈ కౌంటీ ఉత్తరాలు, డైరీలు మనుషులే టైప్ చేసి పెట్టారు, అక్కడ సెర్చ్‌తో ఇంత ఇబ్బంది ఉండదు.