లూటన్ టౌన్ గురించి మీరడిగినవి

పోయిన నెల ఈ శీర్షికలో లూటన్ టౌన్ క్లబ్ గురించి నాలుగు మాటలు రాశాను. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో అయిదో అంచె దాకా పడిపోయి, అక్కడి నుంచి పైకెక్కి, 2023-24లో ఒకే ఒక్క సీజన్ అన్నిటికంటే పై అంచె అయిన ప్రీమియర్ లీగ్ ఆడి మళ్ళీ దిగిపోయిన క్లబ్ అది. మా అమ్మాయి ఆ ఊళ్ళోనే బెడ్‌ఫర్డ్‌షైర్ యూనివర్సిటీలో చదువుతుండేది. ఆ సీజన్‌లో నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా నేనూ మా ఆవిడా తన దగ్గరే ఉన్నాం. అందుకే ఆ జట్టు మీద నాకంత మమకారం. మీ నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. కొన్నిటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ప్ర: మాస్టారూ, లూటన్ 38 మ్యాచ్‌ల్లో 24 ఓడిపోయింది. అలాంటి జట్టును మీరు అంత మెచ్చుకోవడం నాకు నచ్చలేదు. ఓటమిని గెలుపులాగా చెప్తే పిల్లలకు ఏం నేర్పినట్టు? (ఒక పాఠకుడు, నరసరావుపేట)

జ: ఓటమిని గెలుపు అనను. 6 గెలుపులు, 8 డ్రాలు, 26 పాయింట్లు, 18వ స్థానం. కింది మూడు జట్లూ దిగిపోవాలి కాబట్టి దిగిపోయింది. అందులో అన్యాయమేమీ లేదు.

కానీ పట్టికలో పాయింట్ల గడి ఒక్కటే కాదు, గోల్స్ గడి కూడా చూడండి. లూటన్ కొట్టిన గోల్స్ 52. అదే సీజన్‌లో ఎవర్టన్ కొట్టినవి 40. నియమాలు మీరి 8 పాయింట్లు కోల్పోయినా ఎవర్టన్ 15వ స్థానంలో నిలబడింది. నాటింగామ్ ఫారెస్ట్ 49, వుల్వ్స్ 50. వాళ్ళంతా మిగిలారు, వాళ్ళకంటే ఎక్కువ గోల్స్ కొట్టిన లూటన్ దిగిపోయింది. ఎందుకంటే తిన్న గోల్స్ 85. మొత్తం 38 మ్యాచ్‌ల్లో గోల్ ఇవ్వకుండా ముగించినవి రెండంటే రెండు: డిసెంబర్‌లో న్యూకాసిల్ మీద 1-0, జనవరిలో బ్రైటన్ మీద 4-0.

ఆ బ్రైటన్ మ్యాచ్‌కి నేను వెళ్ళాను. మా పక్కింటాయన పాకిస్తాన్ వైపు కశ్మీర్‌లోని మిర్‌పూర్ నుంచి వచ్చి స్థిరపడిన పెద్దమనిషి, వాక్స్‌హాల్ వాహనాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. నా సికింద్రాబాద్ ఉర్దూ, ఆయన మాట ఒకదానికొకటి బాగానే అతుక్కునేవి. 2024 జనవరి 30న వాళ్ళబ్బాయికి నైట్ షిఫ్ట్ పడితే తన టికెట్ మీద నన్ను తీసుకెళ్ళారు. స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, మంకీ క్యాప్ సర్దుకుంటూ ఇంకా సీటు వెతుక్కుంటున్నాను, స్టాండ్ మొత్తం లేచింది. ఆట మొదలై నిమిషం కూడా కాలేదు, లూటన్ స్ట్రైకర్ అడెబాయో గోల్ కొట్టేశాడు. కాసేపటికే రెండోది. ఆ రాత్రి అడెబాయో మూడు గోల్స్ కొట్టాడు. ఆ గెలుపుతో లూటన్ కింది మూడు స్థానాల్లోంచి బయటపడింది. పెద్దాయన నా భుజం పట్టుకుని వదల్లేదు.

నాలుగు రోజులకే న్యూకాసిల్‌లో 4-4 డ్రా. అప్పటికి 22 మ్యాచ్‌లు, 20 పాయింట్లు. ఇక నిలబడతారని మా వీధి అంతా నమ్మింది. ఫిబ్రవరి 10న పట్టికలో అట్టడుగున ఉన్న షెఫీల్డ్ యునైటెడ్ మా ఊరికే వచ్చి 3-1తో కొట్టింది. నా లెక్కలో సీజన్ తిరిగిపోయింది ఆ రోజే. తర్వాత ఆర్సెనల్, మాంచెస్టర్ సిటీ, లివర్‌పూల్ చేతుల్లో ఓడారు, కానీ అవి ఎలాగూ కష్టమైన మ్యాచ్‌లే. షెఫీల్డ్ లాంటివాళ్ళ మీద పాయింట్లు తెచ్చుకోవాలి. ఆ మ్యాచ్‌తో కలిపి చివరి 16 మ్యాచ్‌ల్లో లూటన్‌కు వచ్చినవి 6 పాయింట్లే. డిఫెండర్లు ఒకరి తర్వాత ఒకరు గాయపడ్డారు. పెద్ద క్లబ్‌లో ఒక డిఫెండర్ పడిపోతే అంతటివాడే ఇంకొకడు బెంచి మీద ఉంటాడు. ఇక్కడ లేడు.

పిల్లలకు ఏం నేర్పినట్టు అన్నారు. పట్టిక మొత్తం చదవడం నేర్పాలనే నా కోరిక.

ప్ర: ఆ స్టేడియంలోకి ఇళ్ళ మధ్య నుంచి వెళ్ళాలంటారు, నిజమేనా సార్? (డిగ్రీ విద్యార్థిని, విజయనగరం)

జ: నిజమేనమ్మా. కెనిల్‌వర్త్ రోడ్ స్టేడియం బరీ పార్క్ అనే పేటలో ఉంది. హలాల్ మాంసం కొట్లు, మిఠాయి దుకాణాలు, చీరల షాపులు, ఒకదానికొకటి అంటుకున్న ఇటుక ఇళ్ళు. ఓక్ రోడ్డులో ఆ ఇళ్ళ వరసలోనే రెండిళ్ళ కింద సందులాగా తొలిచిన గేటుంటుంది. బయటి ఊరి జట్టు అభిమానులు అందులోంచి దూరి మెట్లెక్కితే, కింద జనాల పెరళ్ళు, దండేల మీద ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. ప్రీమియర్ లీగ్‌కు ఎక్కేనాటికి అక్కడ పట్టేది పదివేల పైచిలుకు మందే. ఆ లీగ్ చరిత్రలోనే అంత చిన్న స్టేడియం లేదు. టీవీ కెమెరాలకూ లైట్లకూ చోటు కోసం ఒక వైపు స్టాండ్ మొత్తం మళ్ళీ కట్టాల్సి వచ్చింది, అది పూర్తికాక బర్న్‌లీతో ఆడాల్సిన తొలి సొంతూరి మ్యాచే వాయిదా పడింది.

టికెట్ లేని రాత్రుళ్ళు నేను ఆ వీధుల్లో తిరిగేవాణ్ణి. డిసెంబర్ 5న ఆర్సెనల్ వచ్చింది. లోపలి అరుపు ఏ వైపు నుంచి వచ్చిందో దాన్ని బట్టి గోల్ ఎవరిదో తెలిసిపోయేది. లూటన్ 3-2తో పైకెక్కినప్పుడు ఇళ్ళ కిటికీలు అదిరాయి. తర్వాత 3-3. అదనపు సమయం కూడా అయిపోవస్తోంది, డ్రా అయిందనుకుంటూ నేను ఇంటిదారి పట్టాను. 97వ నిమిషంలో ఆర్సెనల్ ఆటగాడు డెక్లన్ రైస్ తలతో కొట్టిన గోల్‌కి ఓక్ రోడ్ వైపు నుంచి మాత్రమే అరుపు వచ్చింది. మిగతా మూడు వైపులా ఒక్క చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం నాకిప్పటికీ గుర్తుంది.

ప్ర: ప్రీమియర్ లీగ్‌కు రాగానే కోట్ల పౌండ్లు వస్తాయి కదా. అవి పెట్టి పెద్ద ఆటగాళ్ళను ఎందుకు కొనలేదు? వచ్చిన అవకాశాన్ని చేతులారా పోగొట్టుకున్నారు. (బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం)

జ: 2023 మే 27న వెంబ్లీలో ప్రీమియర్ లీగ్‌కు ఎవరు ఎక్కాలో తేల్చడానికి కోవెంట్రీతో ఆడిన ఆఖరి మ్యాచ్ 1-1గా ముగిసి, పెనాల్టీ షూటౌట్‌లో లూటన్ 6-5తో గెలిచింది. ఆ ఒక్క గెలుపు విలువ దాదాపు 17 కోట్ల పౌండ్లని అప్పట్లో లెక్కలు వేశారు. మీరన్నట్టు డబ్బు వచ్చింది. ఆటగాళ్ళనూ కొన్నారు, కాకపోతే తాహతుకు మించి కాదు. ఎందుకో తెలియాలంటే 2008కి వెళ్ళాలి.

అంతకుముందు లూటన్ పేరున్న క్లబ్. 1988లో ఆర్సెనల్‌ను 3-2తో ఓడించి లీగ్ కప్ గెలిచింది. ప్రీమియర్ లీగ్ మొదలైంది 1992లో. సరిగ్గా ఆ ముందు సీజన్‌లోనే లూటన్ పై డివిజన్ నుంచి దిగిపోయింది. తర్వాత అప్పులు, లెక్కల్లో అవకతవకలు, దివాలా. 2008-09 సీజన్ మొదలుకాకముందే 30 పాయింట్లు కోశారు. ఆట మొదలుపెట్టేది సున్నా దగ్గర కాదు, మైనస్ 30 దగ్గర. అలా అయిదో అంచెకు పడిపోయి అయిదేళ్ళు అక్కడే ఉంది. క్లబ్‌ను అభిమానులే కొందరు కలిసి కొని నిలబెట్టారు. అయిదో అంచెలో ఉన్నప్పుడు చేరిన పెలీ-రడ్డాక్ మ్పాంజు అనే కుర్రాడు ప్రతి మెట్టూ క్లబ్‌తో పాటే ఎక్కి ప్రీమియర్ లీగ్ ఆడాడు. ఒకే క్లబ్‌తో అంత దూరం వచ్చినవాడు అతనికి ముందు ఎవరూ లేరు.

అప్పు వల్ల ఒకసారి ఇల్లు పోగొట్టుకున్నవాడు మళ్ళీ అప్పు చేయడానికి భయపడతాడు. బ్యాంకులో పనిచేస్తున్నారు, మీకు నేను చెప్పాలా? వచ్చిన డబ్బుతో పవర్ కోర్ట్ అనే చోట కొత్త స్టేడియం కట్టుకోవాలన్నది వాళ్ళ కల. ఒక్క సీజనే ఆడి దిగిపోయిన క్లబ్‌కు పారాషూట్ సొమ్మని రెండేళ్ళపాటు లీగ్ నుంచి కొంత వస్తుంది, అది కూడా లెక్కలో పెట్టుకున్నారు.

ఆటగాళ్ళ మీద పెట్టి ఉంటే నిలిచేవారా అంటే, అదీ చెప్పలేం. ఆ ఏడాది లూటన్‌తో పాటు ఎక్కిన బర్న్‌లీ, షెఫీల్డ్ యునైటెడ్ కూడా దిగిపోయాయి. బర్న్‌లీ బాగానే ఖర్చు పెట్టింది, 24 పాయింట్లతో లూటన్ కంటే కింద ముగించింది. మరుసటి ఏడాది ఎక్కిన లెస్టర్, ఇప్స్‌విచ్, సౌతాంప్టన్ మూడూ దిగిపోయాయి. రెండేళ్ళలో ఆరుకు ఆరు. రెండో అంచెకూ మొదటి అంచెకూ మధ్య అంతరం అంతగా పెరిగిపోయింది.

ఒక్క విషయంలో నేను పొరబడ్డాను, ఒప్పుకుంటున్నాను. దిగిపోయినా లూటన్ రెండో అంచెలో గట్టిగా నిలబడుతుందని పోయినేడు ఇక్కడే రాశాను. నిలబడలేదు. 2025 జనవరిలో కోచ్ రాబ్ ఎడ్వర్డ్స్ వెళ్ళిపోయాడు, మేలో జట్టు మూడో అంచెకు పడింది. ఆ వార్త విని పక్కింటి పెద్దాయనకు ఫోన్ చేశాను. ఇద్దరం ఆట గురించి మాట్లాడలేదు. వాక్స్‌హాల్ ఫ్యాక్టరీ ఆ మార్చిలోనే మూతపడింది, దాని గురించే మాట్లాడుకున్నాం.

అయినా అప్పు చేయకపోవడం సరైనదేనన్న నా మాట మార్చుకోను. మూడో అంచెలోనైనా ఆ క్లబ్ ఉంది.

ప్ర: మ్యాచ్ మధ్యలో గుండె ఆగిన కెప్టెన్ గురించి రాశారు. మావాడు పదో తరగతి, స్కూలు టీంలో ఆడతాడు. అది చదివాక గ్రౌండ్‌కి పంపాలంటే టెన్షన్‌గా ఉంది. (ఒక తల్లి, ఖమ్మం)

జ: తల్లీ, మీ భయం నాకు అర్థమవుతుంది. 2023 డిసెంబర్ 16, శనివారం. అక్కడ శనివారం మూడు గంటల మ్యాచ్‌లు టీవీలో ఇవ్వరు, మేం రేడియోలో వింటున్నాం. బోర్న్‌మత్‌లో ఆట. స్కోరు 1-1. రెండో సగంలో వ్యాఖ్యాత గొంతు ఉన్నట్టుండి మారిపోయింది. లూటన్ కెప్టెన్ టామ్ లాకియర్ దగ్గర ఎవరూ లేరు, బంతి తగల్లేదు, ఉన్నచోటనే కూలిపోయాడు. మే నెలలో వెంబ్లీ ఫైనల్లోనూ అతను అలాగే పడిపోయాడు. మా ఆవిడ దేవుడి పటం ముందుకు వెళ్ళి నిలబడింది.

అతను బతికాడు. క్షణాల్లో వైద్యులు మైదానంలోకి పరిగెత్తారు, గుండెకు షాక్ ఇచ్చి మళ్ళీ కొట్టుకునేలా చేసే డిఫిబ్రిలేటర్ చేతికందేంత దూరంలో ఉంది, వాడడం వచ్చినవాళ్ళు ఉన్నారు. తర్వాత అతని ఛాతీలో గుండె లయను కాపాడే చిన్న పరికరం అమర్చారు. ఆ మ్యాచ్ అక్కడితో ఆపేశారు. అటూ ఇటూ అభిమానులు అతని పేరే పిలుస్తూ ఉండిపోయారు.

మీవాణ్ణి ఆట మాన్పించకండి. పరిగెడుతుండగా కళ్ళు తిరిగి పడిపోవడం, ఛాతీ నొప్పి, ఇంట్లో చిన్న వయసులోనే ఎవరైనా హఠాత్తుగా చనిపోయి ఉండడం, వీటిలో ఏదున్నా ముందు గుండె డాక్టరుకు చూపించండి. ఏదీ లేకపోతే ధైర్యంగా పంపండి. కానీ స్కూలు వాళ్ళను ఒక్క మాట అడగండి: గ్రౌండ్‌లో ఎవరైనా పడిపోతే ఛాతీ మీద నొక్కి సీపీఆర్ చేయడం ఎవరికి వచ్చు? ముప్ఫై ఏళ్ళు పీఈటీగా పనిచేశాను, అప్పట్లో నాకు రాదు. ఎవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు. రిటైరయ్యాక, లూటన్ నుంచి వచ్చాక నేర్చుకున్నాను. అన్నేళ్ళు అంతమంది పిల్లల్ని ఎండలో పరిగెత్తించానే అని తలుచుకుంటే ఇప్పుడు గుండె దడ పుడుతుంది.

ప్ర: మన దేశంలో ఈ ఎక్కడం దిగడం ఉందా? హైదరాబాద్ క్లబ్ ఏదైనా అలా ఎక్కిందా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జ: మన రెండో అంచె ఐ-లీగ్ గెలిచి మొదటి అంచె ఐఎస్ఎల్‌కు ఎక్కిన తొలి క్లబ్ పంజాబ్ ఎఫ్‌సీ. 2023-24లో, అంటే లూటన్ ఆడిన సీజన్‌లోనే, 24 పాయింట్లతో 8వ స్థానంలో ముగించింది. కొత్తగా వచ్చిన జట్టుకు అది మంచి ఫలితం. మరుసటి ఏడాది కోల్‌కతా మొహమ్మడన్ స్పోర్టింగ్ ఎక్కి అట్టడుగున నిలిచింది. ఐఎస్ఎల్‌లో అప్పటికి దిగడమనేది లేదు కాబట్టి ఆ కోత తప్పింది. ఇక మన హైదరాబాద్ శ్రీనిధి దక్కన్, ఆ రెండు జట్లూ ఐ-లీగ్ గెలిచిన రెండు సీజన్లలోనూ (2022-23, 2023-24) అక్కడ రెండో స్థానం. ఎక్కేది ఒక్కరే. కోచ్ రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన ఊరు మనది. ఆ రెండో స్థానాలు నన్ను చాలా బాధపెట్టాయి.

ప్ర: మాస్టారు గారూ, మా ఊరి జట్టుకు నేనే కోచ్‌ని. పోయినేడు బి డివిజన్ గెలిచి ఎ డివిజన్‌కి వచ్చాం. అయిదు మ్యాచ్‌లు, అయిదూ ఓడిపోయాం. అందర్నీ వెనక్కి లాగి డిఫెన్స్ ఆడించమని పెద్దలు అంటున్నారు. ఏం చేయమంటారు? (ఒక కోచ్, అనంతపురం జిల్లా)

జ: తమ్ముడూ, ముప్ఫై ఏళ్ళ కిందట నేనూ ఇదే స్థితిలో ఉన్నాను. మా కుర్రాళ్ళు పై డివిజన్‌కి వచ్చి మొదటి నాలుగూ ఓడిపోతే, పదిమందినీ గోల్ ముందు నిలబెట్టాను. ఓటములు ఆగలేదు, 4-2 పోయి 2-0 అయింది, అంతే. మంచి స్ట్రైకర్ ఒకడుండేవాడు. రోజంతా సెంటర్ లైన్ ఇవతలే నిలబడి నిలబడి, ఏడాది చివర ఆటే మానేశాడు. ఆ తప్పు నాదే.

ఎడ్వర్డ్స్ అలా చేయలేదు. పెద్ద జట్ల మీద కూడా మనిషికి మనిషిని పెట్టి పైకెళ్ళి ఆడించాడు. దానికి మూల్యం కూడా కట్టాడు. లాకియర్ పడిపోయిన ఆ మ్యాచ్‌ను మార్చి 13న మళ్ళీ మొదటి నుంచి ఆడారు. సగం ఆటకు లూటన్ 3-0తో ముందుంది, చివరికి 4-3తో ఓడింది. కాబట్టి ధైర్యం ఒక్కటే చాలదు. పైకెళ్ళే ఆట వదలొద్దు, కానీ దానికి కావలసిన దమ్ము మీ పిల్లలకు చివరిదాకా ఉందో లేదో చూడండి.

గోల్ కొట్టగలిగిన ఇద్దర్ని ఎప్పుడూ ముందే ఉంచండి. ప్రత్యర్థి కార్నర్ తీసుకుంటున్నా ఒకడు సెంటర్ లైన్ దగ్గరే ఉండాలి. వాడి కోసం అవతలివాళ్ళు ఇద్దరు వెనక ఆగిపోతారు. డిఫెన్స్‌లో అలసిపోయినవాణ్ణి 70వ నిమిషం దాకా ఆగకుండా 60లోనే మార్చండి, వాడు అలిగినా సరే. గోల్ కొట్టిన వెంటనే అయిదు నిమిషాలు బంతి మన దగ్గరే ఉండేలా చిన్న పాస్‌లు ఆడమనండి. సంబరంలో ఉన్నప్పుడే ఎక్కువ గోల్స్ పడతాయి.

అయిదు మ్యాచ్‌ల్లో మీకు పడ్డ ప్రతి గోల్ ఏ నిమిషంలో పడిందో ఒక కాగితం మీద రాసి నాకు పంపండి. ఆరో మ్యాచ్ ఎప్పుడో కూడా రాయండి. అంతకుముందే జవాబు రాస్తాను, అచ్చులో కాదు, ఉత్తరంలో.