మేనకోడలికి, ఎమ్మెస్సీకి బయల్దేరే ముందు

కావలి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

మద్రాసు ఐఐటీలో నీకు ఎమ్మెస్సీ మ్యాథ్స్ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసేసరికి నేను ట్రంకురోడ్డులో స్కూటర్ మీద ఉన్నా. పక్కకి ఆపి రెండుసార్లు చెప్పించుకున్నా. చెన్నై అనాలని తెలుసు, కానీ నా నోటికి మద్రాసే వస్తుంది. ఈ మాటలన్నీ ఫోన్లో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావని కాయితం మీద రాస్తున్నా.

ముందు చేదు మాట. ఎమ్మెస్సీ ప్రవేశపరీక్ష జామ్‌లో నీకొచ్చిన ర్యాంకు ఐఐటీ గేటు దాకానే పనికొస్తుంది. ఆ పరీక్ష 3 గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. ఆప్షన్ గుర్తించాలి, లేదా జవాబుగా అంకె వేయాలి. ఒక్క ప్రూఫ్ కూడా, అంటే సిద్ధాంతానికి నిరూపణ, రాయనక్కర్లేదు. లోపలికి పోయాక అడిగేదంతా ప్రూఫే. ఇక మన డిగ్రీ సంగతంటావా, 31 ఏళ్లు డిగ్రీ పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి, నాకు తెలుసు కదా. పాత పేపర్లు ముందేసుకుని "ఈ సిద్ధాంతం గ్యారంటీ, అది పోయినసారి వచ్చింది కాబట్టి ఈసారి రాదు" అని జోస్యం చెప్పినవాణ్ణే నేను. పిల్లలు పొల్లుపోకుండా బట్టీ పట్టి రాసేవాళ్లు, నేను పదికి పది వేసేవాణ్ణి. నీకూ అట్లాగే వేసుంటారు. అందుకని మొదటి నెల్లో ఏమీ అర్థం కాకపోతే నీ బుర్రలో లోపం ఉందనుకోకు. లోపం మా దగ్గరుంది.

నా కథ విను. 1983లో ఎమ్మెస్సీకి పట్నం పోయా, ఏ యూనివర్సిటీ అన్నది ఇప్పుడెందుకులే. మనది తెలుగు మీడియం. సమూహం, వలయం, క్షేత్రం అని చదువుకున్నవాడికి గ్రూపు, రింగు, ఫీల్డు అని వినపడేసరికి, మన ఊరివాళ్లే సూటూ బూటూ వేసుకుని ఎదురొస్తే పోల్చుకోలేనట్టయింది. సార్ బోర్డు నింపేసి "క్లియర్?" అనేవారు. అందరూ తలూపేవాళ్లు. నేనూ ఊపేవాణ్ణి. మూడు నెలలు ఊపా. ఆల్జీబ్రాలో 100కి 27 వచ్చాయి. నాకంటే గట్టిగా తలూపిన నా పక్కవాడికి 22.

కాబట్టి నువ్వు తలూపకు. అట్లాగని "ఏమీ అర్థం కాలేదు సార్" అన్నా లాభం లేదు, ఆయన మాత్రం ఏం చేస్తాడు? వేలు పెట్టి చూపించు. "మూడో లైన్లో ఆ డెల్టా ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడుగు. అట్లా అడగాలంటే రెండో లైను దాకా నీకు తెలిసుండాలి. సగం పని అక్కడే అయిపోతుంది.

నీకు మొదట తగిలే దెబ్బ ఎనాలిసిస్‌లో ఉంటుంది. ఒక్కటి ఇప్పుడే చూద్దాం. "ప్రతి ఊరికీ ఒక బస్సుంది" అన్నదీ, "అన్ని ఊళ్లకీ పోయే బస్సు ఒకటుంది" అన్నదీ ఒకటేనా? మన బస్టాండులో నిలబడ్డ ఎవరికైనా తేడా తెలుస్తుంది. ఫంక్షన్లో వేసే అంకె డెల్టా కంటే తక్కువ కదిలితే, వచ్చే జవాబు ఎప్సిలాన్ కంటే తక్కువే మారాలి. చోటుకో డెల్టా దొరికితే కంటిన్యుటీ, అన్నిచోట్లకీ ఒకే డెల్టా చాలితే యూనిఫామ్ కంటిన్యుటీ. తేడా అదే. వర్గం చేసే ఫంక్షన్ తీసుకో. 1ని 1.01 చేస్తే వర్గం 0.0201 పెరుగుతుంది. 1000ని 1000.01 చేస్తే? 20.0001 పెరుగుతుంది. కదిలింది అదే 0.01, కానీ జవాబు ఎంత దూకిందో చూడు. అంటే ఊరు మారేకొద్దీ బస్సు మార్చాల్సిందే, ఒకే డెల్టా అన్నిచోట్లా పనిచేయదు. అదే 0 నుంచి 1 లోపల తిరిగేటట్టయితే, ఎప్సిలాన్‌లో సగాన్ని డెల్టాగా తీసుకున్నావంటే ఏ మూలకైనా సరిపోతుంది. ఎందుకో నేను చెప్పను.

చదివే పద్ధతి నీకు మీ నాన్న రొయ్యల గుంట దగ్గరే దొరుకుతుంది. మేత చల్లి ఇంటికొచ్చేస్తాడా ఆయన? చెక్ ట్రే ఎత్తి చూస్తాడు. మేత మిగిలిందంటే రొయ్య తినలేదని అర్థం, మర్నాడు తగ్గిస్తాడు. తినని మేత అడుగున కుళ్లి గుంటనే పాడుచేస్తుంది. నువ్వూ రాత్రికి పుస్తకం మూసేసి, ఆ రోజు క్లాసులో చెప్పిన ప్రూఫుల్లో ఒకటి తెల్లకాయితం మీద రాయి. ఆగిపోయిన చోట గీత గీసి పడుకో. తెల్లారి ఆ గీత దగ్గర్నించే చదువు. రోజుకి ఒక్కటి చాలు. క్లాసులో నలభై పేజీలు నడిచాయని నువ్వూ నలభై చల్లుకుంటూ పోకు.

అక్కడ సెమిస్టర్‌కి రెండు క్విజ్‌లు, చివర ఎండ్‌సెమ్ అనే పెద్ద పరీక్ష ఉంటాయి. క్విజ్ అంటే టీవీలో వచ్చేది అనుకునేవు, అది మామూలు పరీక్షే. మొదటిది తొందరగానే వచ్చిపడుతుంది, మార్కులు తగ్గితే ఇంట్లో చెప్పకపోయినా నాకు చెప్పు. అటెండెన్సు 85 శాతం ఉండాలి. పెళ్లిళ్లకీ పేరంటాలకీ రమ్మని మీ అమ్మ పిలిస్తే నా మీద తోసెయ్.

ఐఐటీ పక్కనే తరమణిలో మ్యాథమెటికల్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1962లో దాన్ని పెట్టిన అల్లాడి రామకృష్ణన్ ఎవరనుకున్నావు? రాజ్యాంగ రచనా సంఘంలో ఉన్న అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కొడుకు. ఆ అయ్యర్ పుట్టింది మన నెల్లూరు జిల్లా పుదూరులో. రామకృష్ణన్ ముందు ఇంట్లోనే సెమినార్లు నడిపించాడు, 1960లో నీల్స్ బోర్ అంతటివాడు వచ్చి చూసి మెచ్చుకున్నాడు. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో సెమినార్లు జరుగుతుంటాయి, పోయి వెనక బెంచీలో కూర్చో. మొదటి పది నిమిషాలు అందితే అదే ఎక్కువ. మీరూ నలుగురు ఆడపిల్లలు కలిసి హాస్టల్ గదిలో వారానికొక సాయంత్రం ఒకరికొకరు చెప్పుకోండి. పక్కవాళ్లకి చెప్పబోయినప్పుడే మనకి రానిదేదో బయటపడుతుంది. వేసవిలో లెక్కలు చదివే పిల్లలకి ఎంటీటీఎస్ అనే శిక్షణ శిబిరం 1993 నుంచి జరుగుతోంది, దానికి తప్పకుండా అప్లై చెయ్.

"ఎమ్మెస్సీ చేస్తే ఉద్యోగం వస్తుందా?" అని మీ బాబాయి అడుగుతూనే ఉంటాడు. లెక్చరర్ ఉద్యోగానికీ పరిశోధనకీ అర్హత ఇచ్చే నెట్ పరీక్ష ఏడాదికి రెండుసార్లు పెడతారు, అందులో జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకి 37,000 ఇస్తారని చెప్పు. అంకె వింటే ఊరుకుంటాడు. పీహెచ్‌డీ చేయాలా వద్దా అని నువ్వు మాత్రం మొదటి ఏడాది టెన్షన్ పెట్టుకోకు.

మిగతావి చిన్నవే. కావలిలో పినాకిని ఎక్కితే సెంట్రల్లో దిగుతావు, అక్కణ్ణుంచి గిండీకి మెట్రో. క్యాంపస్ అంతా అడవే, జింకలు తిరుగుతుంటాయి. వాటితో గొడవ లేదు, కోతులతోనే. ఆవకాయ జాడీ కిటికీ దగ్గర పెట్టకు. సాంబారు అలవాటయ్యేదాకా నీకు అదే దిక్కు.

ఎప్సిలాన్‌లో సగం ఎందుకు సరిపోతుందో రైల్లో కూర్చుని రాయి. గూడూరు దాటేలోపు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. ఫోన్లో వెతికి రాస్తే నాకు తెలిసిపోతుంది, 31 ఏళ్లు పేపర్లు దిద్దినవాణ్ణి.

మీ మామయ్య