పురుగు వయసు రోజుల్లో లెక్కకు రాదు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. కిందటి పంటలో మొక్కజొన్న ఆకు మీద కత్తెర పురుగు గుడ్ల ముద్ద కనిపించిన మూడో రోజుకే పిల్ల పురుగులు బయటికొచ్చాయి. అప్పుడు పగలు 32, రాత్రి 24 డిగ్రీలు ఉండేది. ఆ లెక్క గుర్తు పెట్టుకుని ఈ చలికాలం పంటలోనూ మూడో రోజే మందు కొట్టాను. ఆరో రోజు వెళ్లి చూస్తే పురుగులు అప్పుడే గుడ్లు పగలగొట్టుకుని వస్తున్నాయి. ఇప్పుడు పగలు 26, రాత్రి 13 ఉంటోంది. వేడిని కూడి లెక్క కడతారని విన్నాను. అది నాలాంటివాడు చేసుకోగలడా?
– ఒక మొక్కజొన్న రైతు

జవాబు: తప్పకుండా చేసుకోగలరండీ. కూడిక, తీసివేత వస్తే చాలు. పైగా మీరు ఉష్ణోగ్రతలు రాసి పంపారు కాబట్టి మీ పొలం లెక్కే చేసి చూపిస్తాను.

బయట ఎండ కాసినా మంచు కురిసినా మన ఒంట్లో వేడి దాదాపు ఒకేలా ఉంటుంది. పురుగుకి ఆ సౌకర్యం లేదు. చుట్టూ ఎంత వెచ్చగా ఉంటే దాని ఒంట్లో పనులు అంత చురుగ్గా జరుగుతాయి. చల్లబడితే మందగిస్తాయి. ఒక హద్దు కన్నా కిందికి దిగితే పెరుగుదల నిలిచిపోతుంది. కత్తెర పురుగు గుడ్డుకి ఆ హద్దు 13 డిగ్రీలు. అంతకు పైన ఉన్న వేడే దానికి అక్కరకొస్తుంది.

రోజులో గరిష్ఠం, కనిష్ఠం కలిపి రెండుతో భాగించండి. అందులోంచి 13 తీసేయండి. మిగిలింది ఆ రోజు గుడ్డు ఖాతాలో పడిన వేడి. దీన్నే డిగ్రీ-డే అంటారు. గుడ్డు పొదగడానికి అలాంటివి సుమారు 36 కావాలి.

కిందటి పంటలో మీ సగటు 28. అందులో 13 పోతే రోజుకి 15. రెండు రోజులకి 30 అయ్యాయి, మూడో రోజు మధ్యలో 36 నిండాయి. ఈసారి సగటు పందొమ్మిదిన్నర, అంటే రోజుకి ఆరున్నర మాత్రమే. అయిదు రోజులైనా 36 నిండలేదు. ఆరో రోజు నిండాయి. మీరు చూసింది సరిగ్గా ఆ రోజే! ఇంత చక్కగా కలిసిందంటే ఆ ముద్ద పెట్టిన రోజే మీ కంటపడిందన్నమాట. అన్నిసార్లూ అలా జరగదు. గుడ్లు లేతగా, పాలిపోయి ఉంటే తాజావి. నల్లబడ్డాయంటే పొదగడానికి సిద్ధంగా ఉన్నట్టు, ఇక లెక్కతో పనిలేదు.

గుడ్డులోంచి వచ్చిన పురుగు ఆరు దశలు దాటి, రెక్కలు వచ్చే ముందు తినకుండా కోశంలో ఉండిపోయే కోశస్థ దశకి చేరడానికి 12 డిగ్రీల పైన సుమారు 205 డిగ్రీ-డేలు కావాలి. కోశంలోంచి రెక్కల పురుగు రావడానికి 13 పైన ఇంకో 150. గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా ఒకేసారి లెక్కవేయాలంటే పన్నెండున్నర డిగ్రీల హద్దుతో సుమారు 390 పెట్టుకోండి. మీ కిందటి పంట వేడికి ఇది 25 రోజుల పని. ఇప్పటి చలికి దాదాపు 56 రోజులు.

ఇంత లెక్క ఎందుకంటే, పిల్ల పురుగు మొదట్లో ఆకు పైపొరనే గీకి తింటుంది. ఆకు మీద చిన్న చిన్న కిటికీల్లా తెల్లటి మచ్చలు కనిపించేది అప్పుడే. మందు తగిలే సమయం కూడా అదే. పెద్దదై మొక్క నడిమి లేత ఆకుల సుడిలోకి దూరి, రంపపు పొట్టులాంటి విసర్జనతో పైన మూత వేసుకున్నాక మీరెంత కొట్టినా లోపలికి చేరడం కష్టం. మీరు తొందరపడి మూడు రోజులు ముందు కొట్టారు. మీరు పడ్డ కష్టం వృథా పోయిందని చదివి నాకు బాధ వేసింది. వచ్చేసారి మొదటి ముద్ద కనిపించగానే ఆ మొక్కకి ఒక రంగు గుడ్డపీలిక కట్టండి, తేదీ రాయండి. రోజూ సాయంత్రం ఒక్క నిమిషం దాని దగ్గర ఆగి చూడండి. లెక్క ఎప్పుడు వెళ్లాలో చెబుతుంది. మందు కొట్టాలా వద్దా అన్నది అక్కడ మీ కళ్లే తేల్చాలి.

ప్రశ్న: ఫోనులో చూపించే ఉష్ణోగ్రత సరిపోతుందా, పొలంలో థర్మామీటరు పెట్టుకోవాలా? రాత్రి బాగా చల్లబడి సగటు హద్దు కన్నా కిందికి పోతే ఆ రోజుని మైనస్ వేయాలా?

జవాబు: రెండో దానికి ముందు చెబుతాను. మైనస్ ఎప్పుడూ వేయకండి. పురుగు పెరగడం ఆగుతుందే గాని వెనక్కి చిన్నదవదు. సగటు హద్దు దాటకపోతే ఆ రోజు సున్నా.

అయితే ఆ సున్నాలోనే ఒక మోసం ఉంది. పగలు 20, రాత్రి 4 అనుకోండి. సగటు 12. పన్నెండున్నర హద్దుతో చూస్తే ఏమీ రాలేదని రాసుకుంటాం. కానీ మధ్యాహ్నం కొన్ని గంటల పాటు పొలం 20 డిగ్రీల దాకా వేడెక్కింది కదా! ఆ కాసేపు పురుగు పెరిగింది. ఉష్ణోగ్రత కెరటంలా పైకి లేచి కిందికి దిగుతుందని తీసుకుని కట్టే లెక్క ఒకటుంది, సైన్ పద్ధతి అంటారు. దాని ప్రకారం ఆ రోజు 2.3 డిగ్రీ-డేలు పడ్డాయి. అలాంటివి పది రోజులు వరసగా వస్తే మన పుస్తకంలో సున్నా, పురుగు ఖాతాలో 23. చలి రోజుల్లో మాత్రం కంప్యూటరుతోనో ఫోనులోని లెక్కల పట్టికతోనో ఆ పద్ధతే వాడమంటాను. రాత్రి కూడా హద్దు పైనే ఉండే కాలంలో మామూలు సగటు చాలు.

పై వైపూ హద్దుంది. ప్రయోగశాలలో కత్తెర పురుగు పెరిగే వేగం 18 నుంచి 30 డిగ్రీల వరకు తిన్నగా పెరిగింది. 40 డిగ్రీల ఎండలో అదే వేగం ఇంకా పెరుగుతుందని లెక్క కట్టకూడదు.

ఇక థర్మామీటరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను దాన్ని మా గది బయట గోడకి, పడమటి ఎండ తగిలే చోట వేలాడదీశాను. చదవడానికి వీలుగా ఉంటుందనే తప్ప ఇంకేం ఆలోచించలేదు. సాయంత్రం దాకా గోడ కాలేది, థర్మామీటరు గోడ వేడిని చూపించేది. రోజుకి రెండు మూడు డిగ్రీలు ఎక్కువ రాస్తూ పోయాను. నెల తిరిగేసరికి నా పుస్తకంలో పురుగు పొలంలో ఉన్నదాని కన్నా చాలా ముందుకెళ్లిపోయింది. నా మాట విని పొద్దున్నే పొలానికి వెళ్లిన రైతులకి ఒక్క పురుగూ కనిపించలేదు. ఒక పెద్దాయన ఏమీ అనకుండా నన్ను ఆ గోడ దగ్గరికి తీసుకెళ్లి, నా అరచెయ్యి గోడ మీద పెట్టించారు. ఆ వెచ్చదనం నాకింకా గుర్తుంది.

కాబట్టి నీడలో, గాలి ఆడేచోట, మనిషి ఎత్తులో, గోడకీ రేకుకీ దూరంగా పెట్టండి. అది కుదరకపోతే ఫోనులో అంకె వాడుకోండి గాని, వారంలో ఒకట్రెండుసార్లు మీ పొలంలో నీడపట్టున చూసిన దానితో పోల్చండి. ఎప్పుడూ రెండు డిగ్రీల తేడా వస్తుంటే ఆ రెండూ సవరించుకోండి.

ప్రశ్న: నేను వ్యవసాయ డిగ్రీ చదువుతున్నాను. ఈ ఆలోచన మొదట ఎవరికి వచ్చింది? పురుగుమందు సమయానికి తప్ప ఇంకెక్కడైనా వాడతారా?

జవాబు: 1735లో ఫ్రాన్సులో రెయోముర్ అనే శాస్త్రవేత్త మొక్కల ఎదుగుదలని రోజువారీ ఉష్ణోగ్రతలు కూడి లెక్కించవచ్చని రాశారు. పురుగుల లెక్క ఆ దారిలోదే. ఇంకెక్కడంటే, నేర పరిశోధనలో. శవం మీద ఈగ పెట్టిన గుడ్లలోంచి వచ్చిన పురుగు ఏ దశలో ఉందో చూసి, అక్కడి ఉష్ణోగ్రతలతో వెనక్కి లెక్కగట్టి, ఈగ ఎప్పుడు వాలిందో అంచనా వేస్తారు. మనం ముందుకి లెక్కపెడతాం, వాళ్లు వెనక్కి. ఇది చదివితే మీకు మీ సబ్జెక్టు మీద ఇంకాస్త ఇష్టం కలుగుతుందని నా ఆశ.

ప్రశ్న: లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ పురుగుల్ని రప్పించి పట్టేవి) పెట్టాను. మొదటి రెక్కల పురుగు పడిన రోజు నుంచే లెక్క మొదలుపెట్టాలా? రెండో తరం, మూడో తరం కూడా ఇలాగే చెప్పవచ్చా?

జవాబు: ఒక్క పురుగు పడితే మొదలుపెట్టకండి. అది గాలికి కొట్టుకొచ్చింది కావచ్చు. వరసగా రెండు మూడు సార్లు బుట్ట చూసినప్పుడూ పడుతుంటే, ఆ వరసలో మొదటి రోజుని ఒకటో తేదీగా పెట్టుకోండి. యాపిల్ కాయల్ని తొలిచే కాడ్లింగ్ మాత్ విషయంలో చేసేది ఇదే. అక్కడ హద్దు 10 డిగ్రీలు, బుట్టలో వరసగా పడటం మొదలయ్యాక సుమారు 139 డిగ్రీ-డేలకి మొదటి గుడ్లు పొదుగుతాయి. చలికాలమంతా నిద్రలో ఉండి ఒక్కసారిగా లేచే పురుగు కాబట్టి అక్కడ లెక్క బాగా కుదురుతుంది.

కత్తెర పురుగు అలా నిద్రపోదు, పైగా దూరాల నుంచి ఎగిరొస్తుంది. వెచ్చటి చోట్ల ఒకే పొలంలో గుడ్డు, పిల్ల, పెద్ద పురుగు, కోశం అన్నీ ఒకేసారి ఉంటాయి. అందుకే మొదటి తరాన్ని నమ్మకంగా చెబుతాను, రెండోదాన్ని జాగ్రత్తగా చెబుతాను, మూడోదాన్ని చెప్పను. అప్పటికి మీరు పొలంలో నాలుగు మూలలా, మధ్యలో, పదేసి మొక్కల సుడులు విప్పి చూడటమే మేలు. బుట్టలో పడేవి మగవి మాత్రమే అన్నది కూడా గుర్తుంచుకోండి. గుడ్లు పెట్టే ఆడ పురుగు మీ ఆకుల కిందే ఉంటుంది.