కాడిలాక్‌ని నిలబెట్టింది కొలత

అమెరికన్ లగ్జరీ కారు కాడిలాక్ ఎలా మొదలైంది, ఒకప్పుడు అంత పేరు ఎందుకు, ఇప్పుడు బెంజ్, బీఎండబ్ల్యూల పక్కన ఎందుకు వినిపించడం లేదు, డెట్రాయిట్ వైపు ఉద్యోగానికి వస్తున్నాను, సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కొనొచ్చా అని అడిగారు. నేను డెట్రాయిట్ పక్కన పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను. అంతకుముందు హైదరాబాద్ బాలానగర్‌లో టూల్‌రూమ్ (ఫ్యాక్టరీకి కావాల్సిన పనిముట్లు, అచ్చులు చేసే చోటు) పని. కాడిలాక్‌దే 2011 సీటీఎస్ మోడల్ ఒకటి ఇప్పటికీ నడుపుతున్నాను. కాబట్టి నాకు తెలిసింది చెబుతాను, కొంచెం పొడుగవుతుంది.

కాడిలాక్ అనగానే అందరికీ వెనకాల రెక్కలు, క్రోమ్, అమెరికా ప్రెసిడెంట్ కారు గుర్తొస్తాయి. నాకు స్లిప్ గేజుల (కొలతలు సరిచూసుకునే కచ్చితమైన ఉక్కు బిళ్లల) పెట్టె గుర్తొస్తుంది. ఎందుకంటే ఈ కంపెనీని నిలబెట్టినాయన, హెన్రీ లేలాండ్, కార్ల మనిషి కాదు, కొలతల మనిషి. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో స్ప్రింగ్‌ఫీల్డ్ తుపాకుల ఫ్యాక్టరీలో పనిచేశాడు, తర్వాత కొలత పరికరాలు చేసే బ్రౌన్ అండ్ షార్ప్‌లో చాలా ఏళ్లు ఉన్నాడు (మైక్రోమీటర్ పట్టుకున్న వాళ్లందరికీ ఆ పేరు తెలుసు), ఆ తర్వాత డెట్రాయిట్ వచ్చి సొంత మెషిన్ షాపు పెట్టుకున్నాడు. 1902లో హెన్రీ ఫోర్డ్ తన పెట్టుబడిదారులతో పడక తన పేరుతో ఉన్న కంపెనీనే వదిలేసి వెళ్లిపోయాడు. మిగిలిన మెషిన్లు అమ్మేద్దాం, ఎంత వస్తుందో చెప్పమని వాళ్లు లేలాండ్‌ని పిలిచారు. ఆయన లెక్క కట్టాడు, కానీ అమ్మొద్దు, నా దగ్గర ఒక సిలిండర్ ఇంజిన్ ఒకటి ఉంది, దానితో కారు చేద్దాం అన్నాడు. అలా పుట్టింది కాడిలాక్. 1701లో డెట్రాయిట్ ఊరిని స్థాపించిన ఫ్రెంచ్ అధికారి పేరది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే 1908లో జరిగింది ఎంత గొప్పదో అర్థం కాదు. టూల్‌రూమ్‌కి రాకముందు నేను ఒక చిన్న షాపులో పంపుల అసెంబ్లీలో చేశాను. అక్కడ షాఫ్టుకి బుష్ కూర్చోకపోతే ఆకురాయి పట్టి అరగదీసి కూర్చోబెట్టేవాళ్లం. దాంతో ఏ పంపు భాగాలు ఆ పంపుకే సరిపోయేవి. ఒకరోజు రెండు పంపులు పక్కపక్కన విప్పి పెడితే ఎవరో భాగాలు కలిపేశారు. వాటిని మళ్లీ విడదీసి జతలు కుదర్చడానికి నాకు, ఇంకో కుర్రాడికి రెండు రాత్రులు పట్టింది, ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ కాలంలో ఎక్కువ కార్లు అలాగే తయారయ్యేవి. 1908లో ఇంగ్లండ్‌లో రాయల్ ఆటోమొబైల్ క్లబ్ వాళ్లు లండన్ ఏజెంట్ దగ్గరున్న కాడిలాక్‌ల నుంచి తమకిష్టమైన మూడింటిని ఎంచుకుని, బ్రూక్‌లాండ్స్ రేస్ ట్రాక్ దగ్గర పూర్తిగా విప్పేశారు. ఒక్కో కారులో 721 భాగాలు. అన్నీ ఒక్క కుప్పగా కలిపేసి, అందులోంచి 89 భాగాలు తీసేసి, వాటి బదులు షోరూమ్ స్టాక్‌లోని మామూలు స్పేర్లు పెట్టారు. మెకానిక్‌ల చేతికి స్పానర్లు, స్క్రూడ్రైవర్లు మాత్రమే ఇచ్చారు, ఆకురాయి ముట్టుకోవడానికి లేదు. మూడు కార్లూ కుదిరాయి, రంగులు మాత్రం కలగాపులగంగా. తర్వాత మూడూ 500 మైళ్లు పరిగెత్తాయి. ఆ క్లబ్ ఇచ్చే డ్యూవర్ ట్రోఫీ ఆ సంవత్సరానికి కాడిలాక్‌కి వచ్చింది, ఒక అమెరికన్ కారుకి అది రావడం అదే మొదటిసారి. నా దృష్టిలో ఈ బ్రాండ్ చరిత్ర మొత్తంలో ఇంతకు మించిన రోజు లేదు. స్వీడన్ నుంచి యోహాన్సన్ స్లిప్ గేజులను అమెరికాలోకి తెప్పించుకున్న మొదటివాళ్లలో లేలాండ్ ఒకడు. మనం ఐటీఐలో నేర్చుకునే కొలత పద్ధతులను కార్ల పరిశ్రమలో గట్టిగా పాదుకొల్పింది ఈయనే.

1909లో జనరల్ మోటార్స్ కాడిలాక్‌ని కొంది. 1912 మోడల్‌కి ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చింది. అప్పటిదాకా ముందు హ్యాండిల్ తిప్పాలి, అది వెనక్కి కొడితే చెయ్యి విరిగేది. ఆ స్టార్టర్ తయారుచేసిన చార్లెస్ కెటరింగ్ అంతకుముందు షాపుల్లో డబ్బు లెక్కపెట్టే క్యాష్ రిజిస్టర్‌కి మోటార్ పెట్టినవాడు. చిన్న మోటారైనా కొన్ని క్షణాలే పనిచేస్తే చాలు కాబట్టి గట్టిగా తిప్పగలదని ఆయనకు అక్కడే అర్థమైంది. 1915 మోడల్‌కి వీ8 (V ఆకారంలో ఎనిమిది సిలిండర్లుండే) ఇంజిన్ పెట్టారు.

1917లో యుద్ధ విమానాల ఇంజిన్లు చేసే విషయంలో జనరల్ మోటార్స్‌తో గొడవ వచ్చి లేలాండ్ బయటికి వెళ్లిపోయి, డెబ్బై దాటిన వయసులో ఇంకో కంపెనీ పెట్టాడు. 1864లో తాను మొదటి ఓటు వేసిన మనిషి పేరు పెట్టాడు దానికి, లింకన్ అని. అంటే అమెరికాలోని రెండు పెద్ద లగ్జరీ బ్రాండ్లూ ఒకే మనిషి చేతి మీద పుట్టాయి! 1922లో లింకన్ దివాలా తీస్తే కొన్నది హెన్రీ ఫోర్డ్. కొన్ని నెలల్లోనే లేలాండ్‌ని, ఆయన కొడుకుని బయటికి పంపేశాడు. చదివినప్పుడల్లా బాధేస్తుంది.

1929లో స్టాక్ మార్కెట్ కూలింది, 1930 జనవరిలో కాడిలాక్ 16 సిలిండర్ల కారు బయటపెట్టింది. కొనేవాళ్లేరీ? ఆ కష్టకాలంలో సర్వీస్ విభాగం చూసే నికోలస్ డ్రైస్టాట్ ఒక సంగతి గమనించాడు. నల్లజాతి వాళ్లకు కాడిలాక్ అమ్మకూడదని కంపెనీ నియమం, అయినా సర్వీసింగ్‌కి కార్లు తెచ్చేవాళ్లలో నల్లజాతి డాక్టర్లు, వ్యాపారులు, కళాకారులు చాలామంది ఉన్నారు, తెల్లవాళ్లకి పైడబ్బులిచ్చి వాళ్ల పేరు మీద కొన్నవాళ్లు. ఆ డబ్బు మనకే రానివ్వండి అని పైవాళ్లను ఒప్పించి ఆయన ఆ నియమం తీసేయించాడు, అమ్మకాలు పెరిగాయి. లాభం కోసమే ఒప్పుకున్నారు, నిజమే, కానీ ఆ నియమం పోయింది.

రెక్కల సంగతి మీకు తెలిసే ఉంటుంది. పీ-38 యుద్ధ విమానాన్ని చూసి 1948లో చిన్నగా మొదలుపెట్టారు, 1959కి ఆకాశానికి ఎత్తారు. అందంగా ఉంటాయి, కాదనను. కానీ నాకు 1949లో వచ్చిన కొత్త వీ8 ఎక్కువ ఇష్టం.

దిగజారడం 1970ల్లో కనిపిస్తుంది. 1976 ఎల్డొరాడో మోడల్‌లో 8.2 లీటర్ల ఇంజిన్, దానికి 190 హార్స్‌పవరే. 1981లో అవసరాన్ని బట్టి 8, 6, 4 సిలిండర్లతో నడిచే ఇంజిన్ తెచ్చారు, ఆలోచన బంగారం, ఈరోజు చాలా కార్లలో అదే ఉంది, కానీ అప్పటి కంప్యూటర్‌కి అంత వేగం లేదు. సిమరాన్ అనే మోడల్ అయితే మరీ అన్యాయం, జనరల్ మోటార్స్‌దే చవక కారు షెవర్లే కావలియర్‌కే మెరుగులు దిద్ది కాడిలాక్ బ్యాడ్జ్ తగిలించారు. కొనేవాడు కొలవలేడనుకున్నారు. ఈలోగా జర్మన్లు వచ్చారు, 1989లో జపాన్ నుంచి లెక్సస్ వచ్చింది, అప్పటికి కాడిలాక్ ముసలివాళ్ల కారని పేరు పడిపోయింది. మన దేశంలో వినిపించకపోవడానికి కారణం వేరు, అక్కడ షోరూమ్‌లు పెట్టి అమ్మలేదు, అంతే.

ఇక కొనడం గురించి. 2000 తర్వాత సీటీఎస్‌తో మళ్లీ పని మీద శ్రద్ధ కనిపించింది. నా 2011 బండి 1,40,000 మైళ్లు తిరిగింది, ఆల్ వీల్ డ్రైవ్ కాబట్టి మంచులో ధైర్యంగా ఉంటుంది, స్టీరింగ్ చేతికి నిజం చెబుతుంది. కొనేటప్పుడు 3.6 లీటర్ల వీ6 ఇంజిన్ అయితే ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారో కాగితాలు అడగండి, మరీ ముఖ్యంగా 2008, 2009 బండ్లకి. ఆయిల్ ఆలస్యంగా మార్చిన వాటిలో టైమింగ్ చైన్ (ఇంజిన్ వాల్వులను సరైన సమయానికి నడిపే గొలుసు) సాగుతుంది, ఆ రిపేరుకి చాలా ఖర్చవుతుంది. కాగితాలు లేవంటే వదిలేయండి, ఇక్కడ ఇంకోటి దొరుకుతుంది. ఆగస్టులో వస్తే మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూకి రండి, పాత కాడిలాక్‌లు వరసగా వస్తాయి. బానెట్ ఎత్తి చూపించమంటే వాటి ఓనర్లు సంతోషంగా చూపిస్తారు.