మీరు అడిగారు: జర్మనీ దుకాణంలో డచ్ టమాటా

ప్రశ్న: నేను డ్యూసెల్‌డార్ఫ్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. ఇక్కడ సూపర్ మార్కెట్లో టమాటా, క్యాప్సికం, చీజ్, పూలు, ఏది తీసినా మీద నెదర్లాండ్స్ అనే ఉంటుంది. 1.8 కోట్ల జనం ఉన్న దేశం 8 కోట్లు దాటిన జర్మనీకి ఇంత సరుకు ఎలా అమ్మగలుగుతోంది?

జవాబు: మీరు చూస్తున్నది ఆ వ్యాపారంలో చిన్న ముక్క మాత్రమే. 2023లో ఈ రెండు దేశాల మధ్య ఎగుమతి, దిగుమతి కలిపి 20,000 కోట్ల యూరోలు దాటింది. అది జర్మనీ ప్రభుత్వ లెక్కే. ఆ ఏడాది జర్మనీతో ఎక్కువ వ్యాపారం చేసిన దేశాల్లో చైనా, అమెరికా తర్వాత మూడోది నెదర్లాండ్స్. పక్కనే ఉన్న ఫ్రాన్స్ అంత పెద్ద దేశం కూడా దాని తర్వాతే.

కారణం రైన్ నది. జర్మనీ పరిశ్రమల్లో పెద్ద భాగం ఈ నది ఒడ్డున, దాని ఉపనదుల ఒడ్డున పెరిగింది, కానీ అది సముద్రంలో కలిసేది నెదర్లాండ్స్‌లో. అక్కడున్న రాటర్‌డ్యామ్ యూరప్‌లోకెల్లా పెద్ద రేవు, ఏటా 40 కోట్ల టన్నులకు పైగా సరుకు దాని మీదుగా పోతుంది. మీ ఊళ్లోనే ఒక సాయంత్రం నది ఒడ్డున కూర్చోండి, ముందు బార్జీలు (సరుకు మోసే చదును పడవలు) కట్టుకుని వాటిని నెట్టుకుంటూ పోయే తోపుడు పడవలు కనిపిస్తాయి, కొన్ని పడవల మీద వాటిని నడిపే కుటుంబం కారు కూడా ఉంటుంది, ఎందుకంటే వాళ్ల ఇల్లూ అదే. మీ పక్కనున్న డ్యూయిస్‌బర్గ్ ఉక్కు కొలుములకు ఇనుప ఖనిజం ఇలాగే వెళ్తుంది. ఈ నది మీద ఏ దేశం పడవైనా సుంకం లేకుండా తిరగొచ్చని 1868లో మాన్‌హైమ్‌లో ఒడంబడిక రాసుకున్నారు, అది ఇప్పటికీ అమల్లో ఉంది.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. 1940 మే 14న జర్మన్ విమానాలు రాటర్‌డ్యామ్ నడిబొడ్డును బాంబులతో నేలమట్టం చేశాయి. యుద్ధం అయ్యాక ఆ ఊరు మళ్లీ లేచింది జర్మనీకి వెళ్లే, జర్మనీ నుంచి వచ్చే సరుకు మోస్తూనే. ఇళ్లు పోగొట్టుకున్న వాళ్లకు అది ఎంత కష్టంగా ఉండి ఉంటుందో అనిపిస్తుంది నాకు.

ప్రశ్న: జర్మనీకి ఇంత అమ్మామని నెదర్లాండ్స్ చెప్పే అంకె, అక్కడి నుంచి ఇంత కొన్నామని జర్మనీ చెప్పే అంకె కలవడం లేదు. ఎవరిది తప్పు?

జవాబు: ఎవరిదీ తప్పు కాదు, రాసే పద్ధతిలో తేడా. వియత్నాంలో కుట్టిన చొక్కాల కంటైనర్ ఒకటి రాటర్‌డ్యామ్‌లో దిగిందనుకోండి. అక్కడి టోకు వ్యాపారి కస్టమ్స్ కట్టి, గోడౌన్‌లో పెట్టి, నాలుగు రోజుల తర్వాత కొలోన్‌లో దుకాణానికి అమ్ముతాడు. నెదర్లాండ్స్ పుస్తకంలో అది జర్మనీకి చేసిన ఎగుమతి. జర్మనీ మాత్రం దిగుమతిని సరుకు పుట్టిన దేశం పేరు మీద రాసుకుంటుంది, అంటే వియత్నాం. చొక్కా ఒకటే, లెక్కలు రెండు. పైగా 1993 జనవరి 1 నుంచి ఈ సరిహద్దులో కస్టమ్స్ తనిఖీ లేదు కాబట్టి, ఓ స్థాయికి మించి సరుకు పంపే, తెప్పించే కంపెనీలు నెలనెలా ఇచ్చే వివరాల మీదే అంకెలు ఆధారపడతాయి.

దీన్ని ఆర్థికవేత్తలు రాటర్‌డ్యామ్ ఎఫెక్ట్ అంటారు. నెదర్లాండ్స్‌లోని ఆల్స్‌మీర్ పూల వేలంలో అమ్ముడై జర్మనీ చేరే గులాబీల్లో కూడా చాలా వరకు కెన్యాలో, ఇథియోపియాలో పూసినవే. (ఆ వేలం మన మార్కెట్ యార్డు పాటకు ఉల్టా. ధర పైనుంచి కిందికి దిగుతూ ఉంటుంది, ముందు బటన్ నొక్కినవాడికి సరుకు.) ఇలా వచ్చినట్టే వచ్చి వెళ్లిపోయే సరుకు మీద నెదర్లాండ్స్‌కు మిగిలేది, తన దగ్గర పండించి, తయారు చేసి అమ్మిన దాని మీద మిగిలేదాని కంటే చాలా తక్కువ. అందుకే మొత్తం అంకె ఒక్కటే చూసి ఎవరు గెలిచారో తేల్చేయొద్దని గట్టిగా చెబుతాను. మన దేశానిదీ అదే సంగతి. 2022-23లో భారత్ ఎగుమతుల్లో నెదర్లాండ్స్ మూడో స్థానంలో ఉంది, అందులో పెద్ద భాగం పెట్రోలియం ఉత్పత్తులు, అవన్నీ డచ్చివాళ్లే వాడుకోలేదు కదా.

ప్రశ్న: డచ్ టమాటాను మా జర్మన్ కొలీగ్ ‘నీటి బాంబు’ అన్నారు. ఎందుకు?

జవాబు: అది పాత కోపం. 1990ల మొదట్లో జర్మనీ కొనుగోలుదారులు డచ్ టమాటాకు పెట్టిన పేరు, వాళ్ల భాషలో వాసర్‌బోంబె. రైతులు దిగుబడి, నిల్వ చూసుకుని రకాలు ఎంచుకున్నారు, రుచి పోయింది, అమ్మకాలు పడిపోయాయి. అన్నింటికన్నా పెద్ద ఖాతాదారు మొహం తిప్పుకుంటే ఏమవుతుందో వాళ్లకు అప్పుడు తెలిసొచ్చింది. గుత్తితో సహా కోసే టమాటాలకు, చిన్న రకాలకు, రుచి ఉన్న విత్తనాలకు మారారు, 1996లో చాలా వేలం సంఘాలు కలిసిపోయి ‘ది గ్రీనరీ’గా ఏర్పడ్డాయి. రైతు వినియోగదారుడి మాట విని పంటనే మార్చుకున్న ఈ కథ నాకు చాలా ఇష్టం.

ఈ టమాటాలు పండేది గాజు ఇళ్లలో (గ్రీన్‌హౌస్‌లలో), వాటి వెనక గ్యాస్ ఉంది. 1959లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ ప్రాంతంలో భారీ సహజవాయు నిక్షేపం దొరికింది. దాంతో గాజు ఇళ్లు వేడెక్కాయి, జర్మనీకీ దశాబ్దాల పాటు గ్యాస్ అమ్మారు. కానీ తవ్వకాల వల్ల భూకంపాలు వచ్చి, ఇళ్లు బీటలు వారి, జనం ఏళ్ల తరబడి పోరాడితే 2023 అక్టోబర్ 1న ఉత్పత్తి ఆపారు. ఇంత ఆలస్యం చేయడం అన్యాయం అనే నా అభిప్రాయం.

ప్రశ్న: జర్మనీ నుంచి అటు ఏం వెళ్తుంది? నది ఎండిపోతే ఏమవుతుంది?

జవాబు: కార్లు, యంత్రాలు, రసాయనాలు. అన్నిటికన్నా ఆసక్తి కలిగించేవి కంప్యూటర్ చిప్‌లు ముద్రించే యంత్రం భాగాలు. ఆ యంత్రం తయారు చేసే ఏఎస్‌ఎమ్‌ఎల్ కంపెనీ ఉన్నది నెదర్లాండ్స్‌లోని వెల్డ్‌హోవెన్‌లో. దాని అద్దాలు జర్మనీలో జైస్ కంపెనీ నుంచి, లేజర్ అక్కడిదే అయిన ట్రంఫ్ కంపెనీ నుంచి వస్తాయి. ఒకటి లేకపోతే రెండోది కదలదు. 2016లో ఏఎస్‌ఎమ్‌ఎల్ 100 కోట్ల యూరోలు పెట్టి జైస్ చిప్ విభాగంలో 24.9 శాతం వాటా కొనడానికి ఒప్పందం చేసుకుంది.

నది సంగతికొస్తే, 2018 అక్టోబర్‌లో జర్మనీలో రైన్ ఒడ్డునున్న కౌబ్ దగ్గర నీటి కొలత 25 సెంటీమీటర్లకు పడిపోయింది (అసలు లోతు అంతకన్నా ఎక్కువే ఉంటుంది, అది కొలబద్ద మీద అంకె). బార్జీలు సగం కూడా నింపుకోలేక కిరాయిలు పెరిగాయి, ఎగువన లుడ్విగ్స్‌హాఫెన్‌లోని రసాయనాల కంపెనీ బీఏఎస్ఎఫ్‌కు సుమారు 25 కోట్ల యూరోల నష్టం వచ్చింది. 2022 ఆగస్టులోనూ ఇదే టెన్షన్. రైలు ఉందిగా అంటారా, రాటర్‌డ్యామ్ నుంచి సరిహద్దు దాకా సరుకు రైళ్లకే ప్రత్యేకంగా వేసిన లైను 2007లో తెరిచారు, దానికి కలిసేలా సరిహద్దు అవతల జర్మనీ వైపు లైనుకు వేయాల్సిన మూడో ట్రాక్ పని మాత్రం ఏళ్లకేళ్లు సాగుతూనే ఉంది.

ప్రశ్న: లాజిస్టిక్స్ చదువుతున్నాను. జర్మనీలో ఉంటూ రాటర్‌డ్యామ్‌లో ఉద్యోగం చేయొచ్చా?

జవాబు: జాగ్రత్తండీ. సరుకులాగా మీరు వెళ్లి పని చేయలేరు. విద్యార్థిగా జర్మనీ ఇచ్చిన రెసిడెన్స్ పర్మిట్‌తో నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేసే హక్కు రాదు, అక్కడి అనుమతి విడిగా తీసుకోవాలి. ఎవరో ఏజెంట్ పర్వాలేదన్నాడని డబ్బు కట్టకండి. ఇక్కడ డ్యూయిస్‌బర్గ్ రేవులోనే ఈ రంగం పనులు ఉంటాయి, ముందు జర్మన్ బాగా నేర్చుకుని అక్కడ ప్రయత్నించండి.