అప్సరస, జలకన్య, ఏటి అచ్చర

సందేహం: పిల్లల కోసం గ్రీకు పురాణకథలు తెలుగులో రాస్తున్నాను. థెస్సలీ దేశంలో పీనియస్ అనే నదీదేవత, అతని భార్య క్రెయూసా. ఆమె నయాడ్, అంటే మంచినీళ్ళలో ఉండే నింఫ్ (గ్రీకు కథల్లో ఏళ్ళలో, అడవుల్లో, కొండల్లో ఉండే చిన్నదేవత). వాళ్ళ పిల్లలు హిప్సియస్, స్టిల్బే. క్రెయూసాను ‘అప్సర’ అని రాస్తే మావారు ఒప్పుకోలేదు. “అప్సరసలంటే స్వర్గంలో వేశ్యలు కదా, సంసారిని పట్టుకుని అదేం మాట? జలకన్య అని రాయి” అన్నారు. ఏది సరైనది? స్టిల్బే హిప్సియస్‌కు ‘సిస్టర్’ అని ఇంగ్లీషు పుస్తకంలో ఉంది. అక్క అనాలా, చెల్లెలు అనాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: మీవారిని తీసిపారేయలేను. సంస్కృత నిఘంటువు అమరకోశం రాసిన అమరసింహుడు ఆయన పక్షానే ఉన్నాడు: ‘స్త్రియాం బహుష్వప్సరసః స్వర్వేశ్యా ఉర్వశీముఖాః’. ఊర్వశి మొదలైన అప్సరసలు స్వర్గ వేశ్యలని. అయితే అమరకోశం దగ్గరే ఆగిపోతే ఆ మాటలోని నీళ్ళు మనకు కనపడవు.

‘అప్’ అంటే నీళ్ళు. ‘సృ’ అంటే కదలడం, పారడం. సరిత్తు, సరస్సు ఆ ధాతువు బిడ్డలే. నీళ్ళలో మసలేది అప్సరస. మీ నయాడ్ కూడా పారడమనే అర్థమున్న గ్రీకు ధాతువు నుంచే పుట్టిందంటారు. అప్సరస ఇంద్రసభకు చేరకముందు ఇద్దరూ ఏటి ఒడ్డు మనుషులే అన్నమాట. శతపథ బ్రాహ్మణమనే వైదిక గ్రంథంలో పురూరవుడు ఊర్వశిని వెతుక్కుంటూ కురుక్షేత్రంలో ఒక తామరకొలను దగ్గరికి వస్తాడు. ఆ కొలనులో అప్సరసలు నీటిపక్షులై ఈదుతుంటారు. నాట్యమూ లేదు, తపోభంగమూ లేదు.

వాల్మీకి ఇంకో వ్యుత్పత్తి చెప్పాడు. బాలకాండలో క్షీరసాగర మథనం దగ్గర, ‘అప్సు నిర్మథనాదేవ రసాత్తస్మాద్వరస్త్రియః’ అంటాడు. నీళ్ళను చిలికితే వచ్చిన రసంలోంచి పుట్టారు కనుక అప్సరసలు. వాళ్ళ లెక్క అరవై కోట్లు. ఇన్ని కోట్ల మందిలో ఒక్కరినీ దేవతలు గాని దానవులు గాని స్వీకరించలేదట. అందుకే అందరికీ ‘సాధారణలు’ అయిపోయారట. చూశారా, తప్పు చేపట్టనివాళ్ళది, పేరు మాత్రం వీళ్ళకు వచ్చింది. పీనియస్ చేపట్టాడు కనుక మీ క్రెయూసా ఆ బెడద లేకుండా సంసారం చేసుకుంది.

సినిమాహాళ్ళ బోర్డుల మీదా, మీ ఉత్తరంలోనూ ఉన్న ‘అప్సర’ చూసి కోప్పడబోయాను. తెలుగులో ‘అప్సరస’ అనడమే అలవాటు. కానీ పై శ్లోకం తరవాతి శ్లోకంలోనే వాల్మీకి ‘అప్సరాణాం’, అంటే ‘అప్సరల’ అన్నాడు. ఆయనే అన్నాక నేను నోరు మూసుకోవాలి. అయినా నా చెవికి ‘అప్సరస’ అంటేనే బాగుంటుంది.

ఇక అక్కా చెల్లెళ్ళ గొడవ. ఇంగ్లీషు ‘సిస్టర్’కు వయసు లేదు, మన అక్కకూ చెల్లెలికీ ఉంది. అనువాదకులు ఇక్కడ గుడ్డిగా ‘చెల్లెలు’ అని రాసేస్తుంటారు, మగవాడి పేరు ముందు వచ్చింది కనుక అతడే పెద్దవాడన్నట్టు! ఈ కథ చెప్పిన గ్రీకు చరిత్రకారుడు డయొడోరస్ కూడా హిప్సియస్ పేరు ముందే చెప్పాడు గాని, అది వయసుకు సాక్ష్యం కాదు. పత్రికలవాళ్ళు ఇలాంటిచోట ‘సోదరి’తో తప్పించుకుంటారు. తప్పు కాదు, వార్తకు సరిపోతుంది; పిల్లలకు చెప్పే కథలో ఎందుకండీ ఆ మాట?

ఇందుకు మనుచరిత్ర రాసిన పెద్దన దగ్గరికి వెళ్ళాలి. హిమాలయం మీద దారి తప్పిన ప్రవరుడికి అప్సరస వరూధిని తానెవరో చెప్పుకుంటుంది. మొదట చెప్పేది అందం గురించి కాదు, చదువు గురించీ కాదు, చుట్టరికం:

‘చిన్ని వెన్నెల కందు వెన్నుదన్ని సుధాబ్ధిఁ
బొడమిన చెలువ తోఁబుట్టు మాకు’

వెన్నెల కందు, అంటే వెన్నెల పసిబిడ్డ, చంద్రుడు. అతని వెన్ను తన్ని పాలకడలిలో పుట్టిన చెలువ లక్ష్మి. ఆమె మాకు తోబుట్టువు, అంటోంది. ఒకరి వెనకే ఇంకొకరు పుడితే ‘వెన్ను తన్ని పుట్టాడు’ అంటాం కదా, కడుపులో ముందున్నవాణ్ణి కాలితో ఒక్క తాపు తన్ని బయటికి తోసినట్టు. ఆ ఇంటి మాటను పట్టుకెళ్ళి పాలకడలిలో వేశాడు మహానుభావుడు! లక్ష్మికీ చంద్రుడికీ వరస తేల్చాడు, ఎవరి వెనక ఎవరో చెప్పాడు. తనకూ లక్ష్మికీ మధ్య మాత్రం వరూధిని పెద్దాచిన్నా ఎత్తలేదు, ‘తోఁబుట్టు’ అని ఊరుకుంది. వయసు తెలియనిచోట ఇంతకన్నా మంచి మాట లేదు. ‘హిప్సియస్ తోబుట్టువు స్టిల్బే’ అని రాయండి.

‘జలకన్య’కు వస్తే, ఈ రోజుల్లో ఏ పిల్లవాణ్ణడిగినా నడుము కింద చేపతోక గీసి చూపిస్తాడు. నయాడ్‌కు తోక లేదు. ఇద్దరు పిల్లల తల్లి కన్యేమిటని అడగవచ్చు గాని, అహల్య మొదలైన పంచకన్యలూ పెళ్ళయినవాళ్ళే కనుక ఆ ప్రశ్న నేను వెయ్యను. గ్రీకులో ‘నింఫే’ అంటే పెళ్ళికూతురనే అర్థం కూడా ఉంది.

‘నదీదేవత’ అంటే మనవాళ్ళకు ఆడదే గుర్తొస్తుంది. గ్రీకు నదులు మగవాళ్ళు. మగ ప్రవాహానికి మనకు ‘నదం’ ఉంది, శోణనదం లాగా. పీనియస్‌ను ‘నదరాజు’ అంటే సరిపోతుంది.

మరి క్రెయూసా? వ్యుత్పత్తి అప్సరస అనే అంటోంది, వాడుక వద్దంటోంది. నిఘంటువుల్లో అప్సరసకు తద్భవం ‘అచ్చర’ ఉంది. రంభా మేనకల నీడ దాని మీద తక్కువ. ‘ఏటి అచ్చర’ అంటే నాకు నచ్చుతుంది. పిల్లలకు కొత్తగా ఉంటుందనుకుంటే ‘నదీకన్య’ అనండి, కాదనను.

క్రెయూసా అన్న పేరుకు ‘ఏలిక’ అని అర్థం. ఏథెన్స్ రాజకుమారి ఒకతె, ట్రాయ్ వీరుడు ఐనియాస్ భార్య ఒకతె ఇదే పేరుతో ఉన్నారు, కలపకండి. మన క్రెయూసాను భూదేవి గాయా కూతురని గ్రీకు కవి పిండార్ చెప్పాడు, క్రీ.పూ. 474లో కవచం తొడిగి పరుగెత్తే పందెం గెలిచినవాడి మీద రాసిన గీతంలో. ఆ గెలిచినవాడిది లిబియాలోని కిరీనీ నగరం. హిప్సియస్ కూతురు కిరీనీని అపోలో దేవుడు ఎత్తుకుపోయి నిలిపిన చోటు అదేనని కథ. కనుక క్రెయూసా కిరీనీకి నాయనమ్మ అవుతుంది. ఇంగ్లీషులో ‘గ్రాండ్‌మదర్’ అని ఉంటుంది, చూసి అమ్మమ్మను చేసేరు!