ఆరెంజ్ అప్పుడెందుకు ఆడలా, ఇప్పుడెందుకు ఎగబడినారు?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో చానావరకు ప్రేమకథా సినిమాల మీదే ఉన్నాయి. నాలుగింటికి జవాబిస్తున్నా.

ప్రశ్న: అన్నా, హాస్టల్లో అందరం కలిసి ఆరెంజ్ చూసినాం, భలే నచ్చింది. మా మామేమో అది పెద్ద ఫ్లాప్ రా అంటాడు. 2023లో మళ్లీ వేసినప్పుడు హాళ్లు నిండిపోయినాయి గదా. అంటే 2010లో జనానికి అర్థం కాలేదా? – యూనివర్సిటీ విద్యార్థి, తిరుపతి

జవాబు: తమ్ముడూ, మీ మామ అబద్ధం చెప్పలేదు. కాకపోతే ఆయన చెప్పేది డబ్బుల సంగతి, నువ్వు అడిగేది సినిమా సంగతి.

రామ్ చరణ్ హీరోగా చేసిన ఆరెంజ్ 2010 నవంబర్ 26 శుక్రవారం రిలీజయింది. ఆ వారంలోనే తిరుపతిలో ఒక సింగిల్ స్క్రీన్లో చూసినా నేను. దానికి ముందు సంవత్సరం జులైలో మగధీర వచ్చింది, వందమందితో ఆ పోరాటం, ఆ గుర్రం, అవన్నీ కండ్లల్లో పెట్టుకోని వచ్చినారు జనం, రామ్ చరణ్ అంటే అప్పుడు అదే. ఇంకో పక్క డైరెక్టర్ భాస్కర్ అంటే 2006లో బొమ్మరిల్లు తీసిన మనిషి, దాన్ని ఇంటిల్లిపాదీ పోయి చూసినారు, మళ్లీ అట్లాంటిదే అనుకోని పిల్లల్ని ఎత్తుకోని వచ్చిన ఆడవాళ్లు కూడా ఉన్నారు ఆ హాల్లో. ఇక్కడేమో హీరో ఆస్ట్రేలియాలో గోడల మీద బొమ్మలు వేసుకుంటా, ప్రేమిస్తాను గానీ జీవితాంతం అని మాటివ్వలేను, ప్రేమ కొన్నాళ్లే ఉంటుంది అంటాడు. ఫైట్ల కోసం వచ్చినోళ్లకి అట్లాంటి ఫైట్లు లేవు, ఇంటి కథ కోసం వచ్చినోళ్లకి ఇల్లే లేదు. పాట వచ్చినప్పుడంతా ఈలలు, మాటలు మొదలైతే హాలంతా సప్పుడు లేకుండా అయిపోయేది. ఇంటర్వెల్లో టీ కాడ ఒకాయన "పెండ్లి సంగతి తేల్చడు, ప్రేమా వదలడు, ఏమంటాడబ్బా వీడు" అని ఇంకొకాయన్ని అడుగుతా ఉన్నాడు. ఆయన అడిగిన దాంట్లో తప్పులేదు. మన పక్క ప్రేమ సంగతి ఇంట్లో తెలిసిన రోజే పెండ్లి ఎప్పుడనే మాట వచ్చేస్తుంది, ప్రేమ ఎన్నాళ్లుంటుంది అని కూర్చోని మాట్లాడుకునే టైము ఎవరికీ ఇవ్వరు. ఆ సినిమా అడిగింది సరిగ్గా ఆ ప్రశ్నే, అందుకే నాకు అంత ఇష్టం.

ఇంక డబ్బుల సంగతి. టికెట్ల మీద వచ్చిన మొత్తం గ్రాస్, అందులో పన్ను పోయి, హాలు అద్దె పోయి డిస్ట్రిబ్యూటర్ చేతికి మిగిలేది షేర్. ఆయన ఏరియాని ఎంతకి కొన్నాడో అంత షేర్ రాకపోతే ఫ్లాప్ అంటారు, అంతే. మగధీర లాంటి సినిమా తర్వాత వచ్చే సినిమా అంటే ఎవరైనా ఆ ఊపులోనే లెక్కేస్తారు, పైగా విదేశాల్లో షూటింగు. అదే కథ చిన్న ఖర్చులో, కొత్త కుర్రోడితో వచ్చుంటే ఇంతమాట పడేది కాదని నేననుకుంటా. నిర్మాత నాగబాబు ఆ నష్టాల్లో ఎంత నలిగిపోయినారో, అన్నదమ్ములు ఎట్ల ఆదుకున్నారో ఆయనే బయటికి చెప్పుకున్నారు. ఒక మనిషి అంత పోగొట్టుకున్నాడు కాబట్టి, అసలది ఫ్లాపే కాదు అని మనం కొట్టిపారేసి మాట్లాడకూడదు.

2023 మార్చిలో చరణ్ పుట్టినరోజుకి మళ్లీ వేసినారు, ఆ వసూళ్లు జనసేనకి ఇస్తామన్నారు. హాళ్లు నిండినాయి, నిజమే. కానీ ఎవరొచ్చినారో చూడు. 2010లో ఎనిమిదో తొమ్మిదో చదువుకుంటా, హారిస్ జయరాజ్ పాటల్ని సెల్లులో ఎక్కించుకోని బస్సులో విన్న పిల్లోళ్లు, ఇప్పుడు సొంత సంపాదన మీద టికెట్ కొనుక్కోని వచ్చినారు. ప్రతి పాటా వాళ్లే పాడినారు. అప్పుడు నచ్చనోళ్లు మళ్లీ రారు గదా, ఇంట్లో ఉండిపోతారు. కాబట్టి ఆ కేకలు విని అప్పటి జనానికి బుర్ర లేదు అనేస్తే వాళ్లకి అన్యాయం. 2009లో ఆడని ఓయ్ అనే సినిమాకి కూడా 2024 ఫిబ్రవరిలో ఇట్లానే జరిగింది, ఇష్టపడినోళ్లు అన్నేళ్లూ ఆ ఇష్టాన్ని దాచుకోని ఉన్నారు.

నా వరకు చెప్పమంటే, ఫ్లాష్ బ్యాక్ లో హీరో పాత ప్రేయసి రూబాతో నడిచే భాగం ఇప్పటికీ నిజంగా ఉంటుంది. చివర్న మాత్రం అంతసేపు వాదించిన ప్రశ్నని గబగబా సర్దేసి హీరో హీరోయిన్లని కలిపేసినారు. అప్పుడూ అదే అన్నా, ఇప్పుడూ అదే అంటా.

ప్రశ్న: సార్, మేము ఏ మాయ చేసావె చిత్తూరులో చూసి, అదే కథ తమిళంలో వేలూరు పోయి చూసినాం. తమిళంలో ఇద్దరూ విడిపోతారు, మనకేమో పెండ్లి. తెలుగోళ్లకి ఏడుపు ముగింపు పడదని మార్చినారంటారు, నిజమా? – గృహిణి, చిత్తూరు

జవాబు: అమ్మా, మీకు దొరికిన అదృష్టం హైదరాబాద్ వాళ్లకి దొరకలేదు. రెండూ ఒకే రోజు, 2010 ఫిబ్రవరి 26న వచ్చినాయి, గంట ప్రయాణంలో రెండు ముగింపులూ చూసేసినారు. గమనించినారో లేదో, తెలుగు దాంట్లో హీరో తీసే సినిమాలో తమిళ జంట శింబు, త్రిష కనిపిస్తారు, తమిళంలో అదే చోట తెలుగు జంట నాగచైతన్య, సమంత ఉంటారు.

ఏడుపు మనకి పడదనే మాట నేనొప్పుకోను. దేవదాసు 1953 నాటిది, ఈ రోజుకీ చెప్పుకుంటాం. 1978లో మరో చరిత్రలో ఇద్దరూ చచ్చిపోతారు, బ్లాక్ అండ్ వైట్ సినిమా, తెలుగులోనే మద్రాసులో ఏడాది పైన ఆడింది. ఏడవడానికి మనోళ్లు ఎప్పుడూ వెనకాడలేదు. తమిళ ముగింపులో ఆమె వెళ్లిపోవడం ఆ అమ్మాయి స్వభావానికి జాస్తి దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం, సినిమా మొదట్నుంచీ ఆమె ఇంటికీ ప్రేమకీ మధ్య ఊగుతా ఉంటుంది గదా. తెలుగులో పెండ్లి చూసి మనసు నిండుతుంది, తమిళంది చూసి ఇంటికొచ్చినాక నిద్ర పట్టదు. మీకు ఏది పట్టిందో రాయండి, నాకు నిజంగా తెలుసుకోవాలనుంది.

ప్రశ్న: రివ్యూ చూసి పోవాల్నా, జనం మాట విని పోవాల్నా? – శ్రీకాళహస్తి పాఠకుడు

జవాబు: ఇట్లాంటి సినిమాలకి పొద్దున ఆటకి వచ్చే టాక్ నమ్మొద్దు, పది రోజులాగితే అసలు మాట వస్తుంది. 2004 అక్టోబర్ 15న శంకర్ దాదా ఎం.బి.బి.ఎస్. వచ్చిన రోజే శేఖర్ కమ్ముల ఆనంద్ వచ్చింది. పెద్ద హీరో లేడు, హడావుడి లేదు. చూసినోళ్లు పక్కింటోళ్లకి చెప్పి చెప్పి నిలబెట్టినారు దాన్ని.

ప్రశ్న: సీడెడ్ అంటే మాస్, ఇక్కడ సిటీ లవ్ స్టోరీలు ఆడవు అని అందరూ అనేస్తారు. ఆ మాట వింటే బాధగా ఉంటుంది. – డిగ్రీ విద్యార్థిని, మదనపల్లె

జవాబు: నాకూ బాధే చెల్లెమ్మా. సీడెడ్ అనేది సినిమా వ్యాపారంలో రాయలసీమకి వాడే పేరు, దాన్ని మన మనసుకి కొలత చేసేసినారు. తిరుపతిలో 1954 నుంచి యూనివర్సిటీ ఉంది, 1983 నుంచి ఆడపిల్లలకి వేరే యూనివర్సిటీ ఉంది. పుత్తూరు నుంచి, పీలేరు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయికి, ఉద్యోగం చేసేదా పెండ్లి చేసుకునేదా, ఇంట్లో ఎట్ల చెప్పేది అనే గుంజాటన హైదరాబాద్ అమ్మాయి కన్నా జాస్తిగానే ఉంటుంది. సినిమాలో సిటీ ఉన్నా కష్టం మనదే.

అసలు ఇబ్బంది ఇంకో చోట ఉంది. అట్లాంటి సినిమా చూడాలనుకునే అమ్మాయి సెకండ్ షోకి పోలేదు, మొదటి రోజు ఆ తోపులాటలో క్యూలో నిలబడలేదు, ఆదివారం మ్యాట్నీకి నలుగురైదుగురు కలిసి పోవాల. అంతవరకు హాల్లో ఉంచితేనే గదా. శుక్ర శనివారాల వసూళ్లు చూసి ఆదివారానికల్లా షోలు తగ్గించేస్తే వీళ్లు లెక్కలోకే రారు, మళ్లీ "సీడెడ్ లో ఆడలేదు" అని రాసుకుంటారు. ఆదివారం మ్యాట్నీకి ఎంతమంది ఆడపిల్లలొచ్చినారో కౌంటర్ కాడుండేవాళ్లకి బాగా తెలుసు, వాళ్లని అడగండి ఒకసారి.

ఇంకో ఉత్తరంలో ఆరెంజ్ పాటల్లో నీకేది ఇష్టమన్నా అని ఒకే ఒక లైను ఉంది. కార్తీక్ పాడిన "చిలిపిగా చూస్తావలా". మొన్న అలిపిరి దారిలో ఆటోలో వస్తా ఉంటే డ్రైవర్ అదే పెట్టినాడు, ఇరవై ఏండ్లు కూడా ఉండవు పిల్లోడికి. దిగాల్సిన చోటు వచ్చినా పాట అయ్యేదాకా దిగలేదు నేను, ఆ పిల్లోడు కూడా ఏమీ అనలేదు.